వరి పోటాకు

గోదావరి డెల్టాలోని మార్టేరు పరిశోధనాస్థానము 1982లో వెలువరించిన స్వర్ణ వరి ఆశ్వయుజమున పొట్టకు వచ్చినపుడు, వెన్నును తొడుగులో నిడుకొని నిక్కి నిలుచు పోటాకును, అనగా పైచివరి యాకును, పరికింపుడు. అది నిటారుగా నుండుటచే సూర్యరశ్మి క్రింది యాకులకును దిగును; పలుచనగుటచే, ఇరువైపులనున్న సూక్ష్మ పత్రరంధ్రములగుండ జొచ్చిన బొగ్గుపులుసు వాయువు హరితకణములకు శీఘ్రముగా నందును; సమాంతరములైన యీనెలు వేళ్లు పీల్చిన నీటిని గొనివచ్చి, అచట సిద్ధమైన చక్కెరను వెన్నుకు జేర్చును. ఎండ మిక్కుటమై నీరు కొఱవడెనా, పైపొరయందలి పెద్దకణములు వాడి ముడుచుకొన, ఆకు గొట్టమువలె చుట్టుకొని తేమను గాపాడుకొనును. ఎంతటి యద్భుతమైన యేర్పాటు! గింజలో నిండు పిండిపదార్థమున నధికభాగము పైమూడాకుల కృషిఫలమే. కావున, రైతుసోదరులారా, ఆకుముడుత పురుగు పచ్చదనమును గీకివేయకమునుపే పోటాకును రక్షించుకొనుడు.