రెండు దేశముల కలప పద్దులు

(పఠనమందిరమున చేసిన యుపన్యాస పాఠము)



దిగుమతి పట్టికలో పైకము పెరిగిన దేశము వర్ధిల్లినదనియు, తగ్గినది క్షీణించినదనియు పలువురు లెక్కవేయుదురు. ఆ లెక్క యెంత మోసకరమో తెలిసికొనుటకు జపాను, చైనాల కలప పద్దులు మంచి యుదాహరణము. సరళము మొదలగు సూదియాకుల చెట్లను కోసి తీసిన మెత్తకలపను ఈ యుభయ దేశములును కెనడా, రష్యా మొదలగు చోట్లనుండి తెప్పించుకొనుచు వచ్చినవి. 1990 దశకమున జపానుది పెద్దపద్దు; చైనాది స్వల్పము. 2010 పిమ్మటి దశకమున చైనా జపానును మించిపోయెను. కారణములేవి?

జపాను భూమిలో మూడింట రెండుపాళ్లు అడవియే. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ ప్రజలు కొండలనిండ సుగి, హినోకి మొక్కలను నాటిరి. అవి యెదుగక మునుపే యిండ్లకు కలప చాలక, 1964 నాటికి ప్రభుత్వము దిగుమతులకు ద్వారములు పూర్తిగా తెరచెను. 1973లో ఒక్కయేడే 19 లక్షల యిండ్ల నిర్మాణము మొదలయ్యెను. పరదేశపు కలప చౌకగా వచ్చుచుండ, పెరటిచెట్టు వైద్యమునకు పనికిరానట్లు, స్వదేశపు చెట్టు అడుగువారు లేక నిలిచిపోయెను. 1960 ప్రాంతమున కలప యవసరములో నూటికి 80కి పైగా స్వదేశమునుండియే లభించుచుండగా, 2002 నాటికది 19కి దిగెను. కొండపల్లెలలో గొడ్డలి పట్టువారు కరవైరి. కోయని సుగితోటల పుప్పొడి పట్టణవాసులను తుమ్ములతో బాధింపగా, పదేండ్లలో ఆ తోటలను ఐదవవంతు తగ్గింపవలెనని 2023లో ప్రభుత్వము సంకల్పించెను.

చైనా కథ వేరు. 1998లో వచ్చిన యాంగ్సీ వరదలలో మూడువేలకు పైగా జనులు మరణించిరి. ఎగువ కొండలు బోడివగుటయు ఒక కారణమని గ్రహించి, ప్రభుత్వము సహజారణ్యములను నరకుట నిషేధింపసాగెను. ఇండ్ల నిర్మాణము మాత్రము ఆగలేదు. కావున గొడ్డలి సరిహద్దు దాటి రష్యా యడవులకు పోయెను. 2007, 2008లలో రష్యా దుంగలపై ఎగుమతి సుంకమును నూటికి 25 వరకు పెంచగా, దుంగలకు బదులు కోసిన కలప హెచ్చుగా రాసాగెను. చూచితిరా! చెట్టు అదియే, దుంగల పద్దునుండి కోతకలప పద్దునకు మారినంతనే విలువ పెరిగెను.

విలువయన నేమి? కొలతను ధరచే హెచ్చించి, మారకపు రేటుతో తూచిన సంఖ్య. 1985 శరత్తున డాలరునకు సుమారు 240 యెన్‌లుండగా, 1987 చివరకు 130 లోపునకు వచ్చెను. యెన్‌లలో వ్యయము మారకున్నను, డాలరులలో నది దాదాపు రెట్టింపుగా కన్పట్టును. 2020 వసంతమున షికాగో బజారులో వెయ్యి బోర్డు అడుగుల కలప 300 డాలర్ల లోపుండి, 2021 మేలో 1,600 దాటెను. జపానువారు దీనిని 'వుడ్ షాక్' అనిరి. ఆ యేట వారికి వచ్చిన కోతకలప పెరుగలేదు. చెల్లించిన పైకము పెరిగెను. అటుపిమ్మట చైనాలో గృహనిర్మాణ వ్యాపారము కుప్పకూలి దిగుమతి తగ్గెను. అది స్వయంసమృద్ధి కాదు.

మనకీ పద్దులతో నేమి పని యందురా? 1988 జాతీయ అటవీ విధానమును, 1996 సుప్రీంకోర్టు యుత్తరువును మన యడవులలో నరకుటను కట్టడి చేసినవి. న్యూజీలాండు పైను దుంగలు గుజరాతులోని కాండ్లా రేవున దిగుచు వచ్చినవి. తన చెట్టును పట్టించుకొనక ముసలిదానిని చేయుట యొక తప్పు. తన చెట్టును కాచుకొని పొరుగువాని చెట్టును కూల్చుట మరియొక తప్పు. స్వదేశీయమనగా నాటుట, పెంచుట, అదనెరిగి కోయుట, మరల నాటుట. ఇకమీద దిగుమతి పట్టిక మీ చేతికి వచ్చినపుడు పైకము చూచి యూరకుండకుడు. ఏ కొండపై నెవరి చెట్టు కూలినదో యడుగుడు.