ఈ దీపావళికి దండారిలో కలుద్దాం



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా,

దీపావళి దగ్గరపడుతోంది. మన గోండు గూడేల్లో డోలు, పెప్రె, తుడుంతో దండారి దళాలు బయలుదేరతాయి. ఒక గూడెం మరో గూడేనికి చుట్టమై వెళ్తుంది. వచ్చినవాళ్లకు ఊరంతా కలిసి అన్నం పెడుతుంది. ఆటపాటల మధ్యే పెళ్లి సంబంధాలూ కుదురుతాయి.

నెమలి ఈకల టోపీ పెట్టిన గుస్సాడీ దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు. అంత నిష్ఠ ఉన్న ఆట ఇది. మార్లవాయి కనకరాజు గారు దాన్ని ఎందరికో నేర్పారు. 2021లో పద్మశ్రీ పొందారు. 2024లో మనల్ని విడిచి వెళ్లారు. ఇక నేర్చుకోవాల్సింది మీరే.

హాస్టల్ వార్షికోత్సవాల్లో ఏళ్ల తరబడి సినిమా పాటలకే చోటిచ్చాం. ఆ తప్పు మాదే. మీలోనూ చాలామంది పోయిన దండారిలో ఫోన్లో వీడియో తీస్తూ పక్కన నిలబడ్డారు. వీడియో చూస్తే అడుగు తెలుస్తుంది గానీ కాలికి రాదు.

ఈసారి ఫోను జేబులో పెట్టండి. ఒక డోలు దెబ్బ గానీ, ఒక రేలా పాట గానీ పెద్దవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోండి. సెలవులయ్యాక వచ్చి మాకూ నేర్పండి. వచ్చే వార్షికోత్సవం మీ డోలుతోనే మొదలుపెడతాం.

జై ఆదివాసీ!