మాజీ సైనికునకు వైద్యము: బ్రిటను దేశపు పద్ధతి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



'ఏరు దాటి తెప్ప తగలవేయుట' యను సామెత నెఱుగనివారు తెలుగునాట లేరు. యుద్ధము సాగినంత కాలము సైనికుని పూలదండలతో సాగనంపి, యుద్ధము ముగిసిన పిమ్మట వాని గాయమును మఱచుట ఈ సామెతకు తగిన యుదాహరణము. ఈ దోషము ఒక్క దేశమునకు గాని, ఒక్క కాలమునకు గాని చెందినది కాదు. కనుకనే మహాభారతము సభాపర్వమున నారదుడు ధర్మరాజును రాజ్యపాలనమును గూర్చి ప్రశ్నించుచు, రాజు నిమిత్తమై ప్రాణములు విడిచినవారి యొక్కయు, ఆపదల పాలైనవారి యొక్కయు కుటుంబములను పోషించుచున్నావా యని యడిగినాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సేన వెనుక శస్త్రములతోను, మందులతోను, తైలములతోను, కట్టుగుడ్డలతోను వైద్యులు నిలువవలెననియు, పనిలో మరణించినవారి భార్యాపుత్రులకు బత్తెము ముట్టవలెననియు విధించినాడు.

అయితే గాయపడి, బ్రదికి, ఇల్లు చేరి, ముప్పది నలువది సంవత్సరములు ఆ గాయముతోనే కాలము గడుపువాని వైద్యము ఎవరి పూచీ? ఈ ప్రశ్నకు నేటి రాజ్యములు ముఖ్యముగ రెండు విధముల సమాధానము చెప్పుచున్నవి.

అమెరికా సంయుక్త రాష్ట్రములు మాజీ సైనికులకై 1930లో ప్రత్యేక పాలనా సంస్థను నెలకొల్పి, 1989లో దానిని మంత్రివర్గ స్థాయి శాఖగా పెంపొందించినవి. ఆ శాఖకు సొంత వైద్యశాలలు, సొంత వైద్యులు కలరు. బ్రిటను దేశము వేఱొక మార్గము త్రొక్కినది. అచ్చట మాజీ సైనికులకని ప్రభుత్వము వేఱుగ వైద్యశాలలు నడుపుట లేదు. గని కార్మికుడు, బడిపంతులు, మాజీ సైనికుడు అందఱును ఒక్కటే జాతీయ ఆరోగ్య సేవను ఆశ్రయింతురు. అందఱును సమానులైన చోట దేశమునకై దేహము నర్పించినవానికి చెల్లవలసిన ఋణమెట్లు చెల్లును? ఇదియే నేటి ప్రసంగ విషయము.

మొదట కొంత పూర్వకథ తెలిసికొనవలెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1916లో, బ్రిటను ప్రభుత్వము పింఛనుల మంత్రిత్వశాఖ నేర్పఱచినది. యుద్ధమున అంగవైకల్యము పొందినవారికి పింఛను నిచ్చుటయే గాక, కాలక్రమమున ఆ శాఖ తన వైద్యశాలలను తానే నడపినది. లండను చెంతనున్న రోహాంప్టనులో 1915లో ప్రారంభమైన వైద్యశాల కాలు సేతులు కోల్పోయిన సైనికులకు కృత్రిమావయవము లమర్చుటలో ప్రసిద్ధి కెక్కినది. పిదప 1948 జూలై 5వ తేదీన, అన్యూరిన్ బెవాను ఆరోగ్యమంత్రిగా నుండగా, జాతీయ ఆరోగ్య సేవ అవతరించినది. వైద్యుని చూచునప్పుడు రోగి రొక్క మీయ నక్కఱలేదు. వ్యయమును ప్రధానముగ పన్నుల రాబడి భరించును. దేశప్రజలందఱికిని వైద్యము లభించిన పిమ్మట సైనికులకు వేఱు వైద్యశాలలేల యను తలంపు కలిగినది. 1953లో పింఛనుల శాఖవారి వైద్యశాలలు ఆరోగ్యశాఖ చేతికి వచ్చినవి. ఆ సందర్భముననే యుద్ధ పింఛనుదారులకు ఒక మాట యీయబడినది: ఏ వైకల్యమునకై పింఛను పొందుచున్నారో దాని చికిత్సయందు వారికి ప్రాధాన్యము కలదని. 2008లో ఈ ప్రాధాన్యము పింఛను లేని మాజీ సైనికులకు గూడ వర్తింపజేయబడినది.

ఈ ప్రాధాన్యమను మాటను పొరపాటుగ గ్రహింపరాదు. దీనికి రెండు షరతులు గలవు. వ్యాధి సైనికోద్యోగము వలన కలిగినదై యుండవలెను. ఇతర రోగి యవసరము అంతకంటె తీవ్రమైనది కాకుండవలెను. ఫిరంగి మ్రోతలకు చెవులు దెబ్బతిన్న మాజీ సైనికుడును, వార్ధక్యముచే వినికిడి తగ్గిన మఱియొకడును ఒకే స్థితిలో నున్నప్పుడు సైనికుని ముందు చూడవచ్చును. గుండె నొప్పితో వచ్చిన కూలివానిని వెనుకకు నెట్టి సైనికుని మోకాలికి చికిత్స చేయుటకు వీలులేదు. సైనికునకైనను జలుబు చేసినచో ఏ ప్రాధాన్యమును లేదు. సమత్వమును చెఱుపక కృతజ్ఞతను చూపుటకు కల్పించిన మార్గమిది. మాజీ సైనికుడనగా ఎవరను ప్రశ్నకు సైతము వారి నిర్వచనము ఉదారమైనది: సైన్యమున ఒక్కదినము పనిచేసినను అతడు మాజీ సైనికుడే.

శాసనము చక్కనిదే. కాని ఎదుట కూర్చున్న రోగి సైన్యమున పనిచేసినాడని వైద్యునకు తెలియుటెట్లు? చిక్కంతయు ఇచ్చటనే కలదు.

సైన్యమున నున్నంత కాలము సైనికుని వైద్యమును రక్షణశాఖ వైద్యవిభాగమే చూచును. రికార్డులు అక్కడనే యుండును. ఉద్యోగము విడిచిన దినమున అతడు సామాన్య పౌరుడై, తన యూరి కుటుంబ వైద్యుని యొద్ద పేరు నమోదు చేసికొనవలెను. ఈ రెండు దస్త్రముల నడుమ సందు కలదు. పొలము దున్నుచున్నను అడంగలులో పేరెక్కని రైతునకు కఱవునాటి సాయము ముట్టదను సంగతి పల్లెవారికి చెప్పనక్కఱలేదు. వైద్యుని పుస్తకమున 'మాజీ సైనికుడు' అను మాట యెక్కని వానికి చట్టము కల్పించిన ప్రాధాన్యమును అట్లే ముట్టదు.

వ్యక్తుల మాట యటుంచి, దేశమే తన మాజీ సైనికులను చిరకాలము లెక్కింపలేదు. ఇంగ్లండు, వేల్సు ప్రాంతముల జనాభా లెక్కలలో 'మీరు సైన్యమున పనిచేసినారా?' యను ప్రశ్న మొదటిసారి చేరినది 2021లోనే. సుమారు 18 లక్షల 50 వేలమంది ఔనని చెప్పిరి. వారిలో దాదాపు మూడవవంతు ఎనుబదేండ్లు నిండినవారు. దీనికి కారణము స్పష్టమే. రెండవ ప్రపంచ యుద్ధానంతరము సైతము ఆ దేశమున యువకులు నిర్బంధ సైనికసేవ చేయవలసియుండెను. 1960 వఱకును వారిని పిలుచుచునే యుండిరి. ఆ వృద్ధులలో పలువురు తాము వంటశాలయందో, లెక్కల గదియందో పనిచేసినవారమే కాని వీరులము కామని తలంచి, వైద్యునితో ఆ మాటయే యెత్తరు.

'అడుగనిదే అమ్మయైనను పెట్టదు' అందురు. కాని అడుగకుండుటయే సైనికునకు కఱపిన విద్య. నొప్పిని దిగమ్రింగుట, భయమును బయటపెట్టకుండుట, పక్కవానికి భారము గాకుండుట, ఇవి యుద్ధభూమిలో గుణములు. ఇంటికి వచ్చిన పిమ్మట అవియే రోగమును దాచు తెరలగుచున్నవి. శరీరగాయము కంటికి కానవచ్చును. మనస్సు గాయము కానరాదు. అర్ధరాత్రి కేకవైచి లేచుట, బాణసంచా మ్రోతకు వణకుట, మద్యమున మునుగుట, ఆలుబిడ్డలపై అకారణముగ కోపించుట, వీనిని ఇరుగుపొరుగువారు దుర్గుణములుగ నెంతురు. మొదటి ప్రపంచ యుద్ధమున ఇట్టి లక్షణములు గలవారిని కొందఱధికారులు పిఱికివారని నిందించిరి. అవి వ్యాధిలక్షణములని నేటి వైద్యశాస్త్రము అంగీకరించినది.

ఈ కారణముననే ఇంగ్లండులో జాతీయ ఆరోగ్య సేవవారు మాజీ సైనికుల మానసిక వైద్యమునకై అంతకుముందున్న మూడు విడివిడి ఏర్పాట్లను కలిపి, 2021లో 'ఆప్ కరేజ్' అను పేర ఒక్కటిగ చేసిరి. 'కరేజ్' అనగా ధైర్యము. దీని ద్వారము చేరుటకు వైద్యుని చీటి కొఱకు వేచియుండ నక్కఱలేదు. సైనికుడు తానే రావచ్చును, భార్యయో బంధువో వాని పక్షమున కబురు చేయవచ్చును. సైనిక జీవితమును గుర్తెఱిగినవారు అచ్చట పనిచేయుదురు. 'నీకేమి తెలియును?' అని రోగి నోరు మూసికొనకుండుటకే యీ యేర్పాటు.

శరీరగాయముల విషయమునను ఇట్టి పాఠమే నేర్వవలసివచ్చినది. ఇరాకు, ఆఫ్గనిస్తాను యుద్ధములలో పాతిపెట్టిన ప్రేలుడు పదార్థముల వలన రెండు మూడవయవములు కోల్పోయియు బ్రదికినవారుండిరి. సైనిక చికిత్సాకేంద్రమున వారికి మేలైన కృత్రిమ కాళ్లు అమర్చిరి. కాని ఇరువది రెండేండ్ల వయస్సున అమర్చిన కాలు ఏబదవ యేట సరిపోదు. తెగిన భాగము ఆకారము మాఱును, చర్మము ఒఱసికొని పుండు పడును, యంత్రము అరిగిపోవును. పౌరుడైన పిమ్మట అట్టి యవయవమును బాగుచేయు శక్తి సామాన్య కేంద్రములకు లేకపోయెను. ఆండ్రూ మరిసను అను పార్లమెంటు సభ్యుడు, వృత్తిచే వైద్యుడు, 2011లో ఈ కొఱతను నివేదికయందు చూపగా, ప్రభుత్వము కొన్ని కేంద్రములను ప్రత్యేకముగ బలపఱచినది. ఇతర తీవ్ర గాయములకు 'ఆప్ రిస్టోర్' అను పేర నిపుణుల బృందము కలదు; దానికి కుటుంబ వైద్యుడే పంపవలెను.

మరల కుటుంబ వైద్యుని యొద్దకే వచ్చితిమి. కావున ఆరోగ్య సేవవారును, కుటుంబ వైద్యుల రాజ సంస్థవారును కలిసి ఒక పద్ధతి పెట్టిరి. ఏ వైద్యాలయము క్రొత్త రోగులను సైనికసేవను గూర్చి యడిగి, దానిని దస్త్రమున గుఱుతు వేసి, ఒక వైద్యునికి ఆ విషయమున శిక్షణ యిప్పించునో, దానికి 'మాజీ సైనికులకు మిత్రము' అను గుర్తింపు లభించును. 'మీరు ఎప్పుడైనను సైన్యమున పనిచేసినారా?' యను ఒక్క ప్రశ్నకు ఖర్చు లేదు. అది లేనిదే కోట్ల వ్యయముతో కట్టిన ద్వారములు తెఱచుకొనవు.

లోపములును చెప్పవలెను. 2021నాటి సాయుధ దళముల చట్టము, 2022 నవంబరు నుండి, ఆరోగ్య సంస్థలు సైనికుల యవసరములను గమనింపవలెనని విధించినది. ఇంత ఫలము చేకూర్చవలెనని మాత్రము విధింపలేదు. పైన చెప్పిన గుర్తింపు స్వచ్ఛందమైనది. అన్ని వైద్యాలయములును దానిని పొందలేదు. 2023లో ఇంగ్లండు వైద్యశాలల నిరీక్షణ పట్టిక 70 లక్షలకు పైబడి యుండెను. వరుస అంత పొడవైనప్పుడు ప్రాధాన్యమను మాటకు బలము తగ్గును.

భారతదేశమున పింఛను పొందు మాజీ సైనికులకును, వారిపై నాధారపడినవారికిని 2003 ఏప్రిలు 1వ తేదీ నుండి చందాతో గూడిన ఆరోగ్య పథకము కలదు. దాని పాలీక్లినికులును, ఒప్పందము చేసికొన్న వైద్యశాలలును వేఱు. పద్ధతులు భిన్నమైనను చిక్కు ఒక్కటే: పేరు నమోదు కానివానికి, కార్డు చేయించుకొననివానికి ద్వారము తెఱువబడదు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరము మొదలుకొని పలు తెలుగు గ్రామముల యువకులు తరతరములుగ సైన్యమున చేరుచున్నారు. పింఛను కాగితములు ఇనుపపెట్టెలో దాచి, వాని వలన తనకేమి హక్కు కలదో యెఱుగని వృద్ధుడు ఏ యూరనైన నుండవచ్చును. సైనికుని వితంతువు, చదువురానిదైనచో, మఱియు నిస్సహాయురాలు.

గ్రంథాలయమునకు పనికలుగునది యిచ్చటనే. పత్రిక చదివి వినిపించుట, దరఖాస్తు వ్రాసిపెట్టుట, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు దారి చెప్పుట, ఇవి పుస్తకము లిచ్చుటకంటె తక్కువైన పనులు కావు. అడుగుట యెఱుగని సైనికుని ఊరే ముందు అడుగవలెను. 'అయ్యా, మీరు సైన్యమున పనిచేసితిరి గదా, మీ కార్డు వచ్చినదా?' అను ప్రశ్న ఈ రజతోత్సవమునాడు ఈ గ్రామమున మొదలైనచో తెప్ప తగలవేసిన యపకీర్తి ఈ యూరికి రాదు.