ఏపీఐ క్లయింట్ జనరేట్ అయింది... మరి లాగిన్ ఎవరు చేస్తరు?

ఈరోజు ఎపిసోడ్‌లో లాగిన్‌తో పనిచేసే ఏపీఐ క్లయింట్‌ని జనరేట్ చేద్దాం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చాలావరకు ఆగిపోయేది ఇక్కడే. క్లయింట్ ఒక్క కమాండ్‌తో వచ్చేస్తది, రన్ చేస్తే మాత్రం ప్రతి కాల్‌కీ 401 ఎర్రర్.

ముందు టోకెన్ సంగతి. మా స్టేషన్ ఘన్‌పూర్‌లో సికింద్రాబాద్‌కి జనరల్ టికెట్ తీసుకున్నారనుకోండి. దాని మీద మీ పేరుండదు. ఎవరి చేతిలో ఉంటే ప్రయాణం వాళ్లదే. టీసీ టికెట్‌ని చూస్తడు, మీ మొహాన్ని కాదు. బేరర్ టోకెన్ కూడా అంతే. అందుకే టోకెన్‌ని లాగ్‌లో ప్రింట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు అని మొత్తుకునేది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. నేను వాడేది ఓపెన్‌ఏపీఐ జనరేటర్. 2018లో స్వాగర్ కోడ్‌జెన్ నుంచి విడిపోయి వచ్చిన ఓపెన్ సోర్స్ టూల్. మనం ఇచ్చిన యామల్ ఫైల్ చదివి కోడ్ రాస్తది. ఫైల్‌లో లేనిది దానికి తెలియదు. కాబట్టి ‘కాంపోనెంట్స్’ కింద ‘సెక్యూరిటీ స్కీమ్స్’లో టైప్ హెచ్‌టీటీపీ, స్కీమ్ బేరర్ అని రాయాలి. అక్కడితో ఆగితే సగం పనే అయినట్టు. ఏయే కాల్స్‌కి అది కావాలో ‘సెక్యూరిటీ’ అనే లైన్‌తో చెప్పాలి. ఈ రెండోది లేకపోతే చాలా భాషల్లో వచ్చే క్లయింట్లు, మీరు టోకెన్ ఇచ్చినా పంపవు.

డార్ట్‌లో జనరేట్ చేస్తే ‘హెచ్‌టీటీపీ బేరర్ ఆథ్’ అనే క్లాస్ వస్తది. అందులో యాక్సెస్ టోకెన్ దగ్గర స్ట్రింగ్ ఇవ్వొచ్చు, ఫంక్షన్ ఇవ్వొచ్చు. ఫంక్షనే ఇవ్వండి. స్ట్రింగ్ ఇస్తే పాత టోకెన్ పట్టుకునే కూర్చుంటది, ఫంక్షన్ అయితే ప్రతి కాల్‌కీ తాజా టోకెన్ తీసుకుంటది. ఇంకొకటి, జనరేట్ అయిన ఫైల్స్‌లో వేలు పెట్టకండి. రేపు మళ్లీ కమాండ్ కొడితే మీరు రాసిందంతా పోతది.

సరే, ఆ టోకెన్ తెచ్చేదెవరు? జనరేటర్ తేదు. అది మన పని. యాప్‌ఆథ్ లాంటి లైబ్రరీ వాడితే ఫోన్ బ్రౌజర్ తెరుచుకుని లాగిన్ అక్కడ అయితది. పాస్‌వర్డ్ మన యాప్ చేతికే రాదు. కొందరు క్లయింట్ సీక్రెట్‌ని యాప్‌లోనే దాచేద్దాం అంటరు. ఏపీకే అంటే తాళం లేని పెట్టె. విప్పి చదివే టూల్స్ ఫ్రీగా దొరుకుతయి. ఇలాంటి యాప్‌ల కోసమే 2015లో పిక్సీ అనే స్టాండర్డ్ వచ్చింది. లాగిన్ చేసిన ప్రతిసారీ యాప్ కొత్తగా ఒక రహస్యపు మాట తయారుచేసి, ముందు దాని హాష్ మాత్రమే పంపుతది. లాగిన్ అయ్యాక వచ్చిన కోడ్‌ని టోకెన్‌గా మార్చుకునేటప్పుడు అసలు మాట చూపిస్తది. మధ్యలో కోడ్ కొట్టేసినవాడి దగ్గర ఆ మాట ఉండదు కదా.

తర్వాత రిఫ్రెష్. టోకెన్ గడువు అయిపోయినప్పుడు హోమ్ స్క్రీన్ ఐదు కాల్స్ ఒకేసారి పంపితే ఐదింటికీ 401 వస్తది. ఐదూ విడివిడిగా రిఫ్రెష్‌కి పరుగెత్తాయంటే చిక్కే. ప్రతిసారీ రిఫ్రెష్ టోకెన్‌ని మార్చే సర్వర్లు, పాతది రెండోసారి కనబడగానే దొంగతనం అనుకుని యూజర్‌ని బయటికి పంపేస్తయి. “అన్నా, యాప్ దానంతటదే లాగౌట్ అయితుంది” అంటే ముందు ఇక్కడ చూడండి. మొదటి రిఫ్రెష్ పూర్తయ్యేదాకా మిగతావి ఆగేలా లాక్ పెట్టాలి.

ఇంత చేసినా సర్వర్ తన పని చేయకపోతే లాభం లేదు. మన మెమోలు, లైసెన్సులు ఉండే డిజిలాకర్‌నే తీసుకోండి. 2020లో ఒక సెక్యూరిటీ రీసెర్చర్ అందులో లోపం చూపించారు. ఓటీపీ సరైనదేనా అని చూశారు, లోపలికి వెళ్తున్నది ఆ ఓటీపీ మనిషేనా అని చూడలేదు. ఒకరి వివరాలతో ఓటీపీ దాటి, మధ్యలో రిక్వెస్ట్ మార్చి ఇంకొకరి అకౌంట్‌లోకి వెళ్లే దారి ఉండేది. తర్వాత సరిచేశారు.

మీ ప్రాజెక్టులో ఇది చెక్ చేయడానికి పది నిమిషాలు చాలు. రెండు అకౌంట్లు తెరవండి. మొదటి అకౌంట్ టోకెన్‌తో రెండో అకౌంట్ ఐడీ వివరాలు అడగండి. 403 గానీ 404 గానీ రావాలి. 200 వచ్చి అవతలివాళ్ల డేటా కనబడిందా, డెమో సంగతి తర్వాత, ముందు సర్వర్ కోడ్ తెరవండి.