పిల్లలు కట్టిన ఊళ్ళో అమ్మమ్మకి చోటు

(మహాసభల విద్యా వేదికపై చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు స్పెల్లింగ్ పోటీల్లో, లెక్కల పోటీల్లో గెలిచారని వింటే మనమంతా పొంగిపోతాం. పొంగవలసిందే. అయితే ఆ పోటీల్లో పిల్లవాడు వేదిక మీద ఒంటరిగా నిలబడతాడు. పదిమందీ తలో చెయ్యీ వేస్తే తప్ప సాగని పని గురించి ఈ పూట చెబుతాను. దాని పేరు ఫ్యూచర్ సిటీ.

ఇది అమెరికాలో 1990ల నుంచి జరుగుతున్న పోటీ. ముఖ్యంగా 6, 7, 8 తరగతుల పిల్లలు జట్టుగా చేరి, రేపటి నగరాన్ని ఊహించి, వ్యాసం రాసి, నమూనా కట్టి, న్యాయనిర్ణేతలకు వివరించాలి. జట్టుకు ఒక టీచరు, మెంటరుగా ఒక ఇంజనీరు తోడుంటారు. నమూనాలో ఒక్క భాగమైనా కదలాలి. ఖర్చు 100 డాలర్లు దాటకూడదు. అందుకే సీరియల్ డబ్బాలు, సీసా మూతలు, పాడైన కంప్యూటర్ బోర్డులే ముడిసరుకు. ప్రాంతీయ పోటీలో గెలిచినవాళ్ళు ఇంజనీర్స్ వీక్ రోజుల్లో జరిగే ఫైనల్స్‌కి వెళ్తారు.

మనకిది మరీ కొత్తేమీ కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో మెట్లు పెద్దవాళ్ళు కట్టినా, కింద ఇసుక పోసి, మెంతులు చల్లి పొలం మొలిపించి, అద్దం పెట్టి చెరువు చేసింది పిల్లలే కదా!

2017–18లో ఆ పోటీకి ఇచ్చిన అంశం, వయసు మళ్ళినవాళ్ళకి అనువైన నగరం. ఆ ఏడు మా ఊరి బడి జట్టుకి నేను మెంటరుని. ఏడుగురు పిల్లలు, అందులో ఇద్దరు మనవాళ్ళు. మొదటి నెలంతా తగువులే. ఎవరి కట్టడం వాళ్ళది. ఒకరి ఇల్లు ఇంకొకరి ఆసుపత్రి కంటే పెద్దది. అంగుళానికి 50 అడుగులు అని గోడ మీద రాసుకున్నాక సగం తగువులు తగ్గాయి. కొలత ఒకటయ్యేసరికి మాట కూడా ఒకటయింది.

మిగతా సగం తగ్గించింది ఒక అమ్మమ్మగారు. మనవరాలి దగ్గర ఆరు నెలలుండి వెళ్దామని ఇండియా నుంచి వచ్చారావిడ. పిల్లలు ప్రశ్నలు రాసుకుని ఆవిడ చుట్టూ కూర్చున్నారు. మనవరాలు ఇంగ్లీషులోకి మార్చి చెబుతోంది. "నడిచే ఓపిక ఉంది నాయనా, నడిచి వెళ్ళే చోటే లేదు. ఆ కొట్టు రోడ్డుకి అవతలే కనిపిస్తుంది, దాటడం నా వల్ల కాదు" అన్నారావిడ.

మన ఇళ్ళకి వచ్చిన ఎంతమంది తల్లిదండ్రులు ఈ మాట అనుకుని, మనతో అనకుండా ఊరుకున్నారో ఆలోచించండి.

పిల్లలు ఊరుకోలేదు. బడి పార్కింగ్ స్థలంలో సుద్దముక్కతో 60 అడుగుల రోడ్డు గీశారు. అంటే అయిదు వరుసలు. ఆవిడ నడుస్తుంటే స్టాప్‌వాచ్ పట్టుకున్నారు. 24 సెకన్లు పట్టింది. అమెరికా ట్రాఫిక్ ప్రమాణాల్లో పాదచారి సిగ్నల్ లెక్కకి మామూలుగా తీసుకునే వేగం సెకనుకి 3.5 అడుగులు. 2009కి ముందు అది 4 అడుగులుండేది. 3.5 చొప్పున 60 అడుగులకి వచ్చేది సుమారు 17 సెకన్లు. ఆ సమయం అయిపోయేసరికి అమ్మమ్మగారికి ఇంకా 17 అడుగులు మిగిలే ఉంటుంది. అంటే కార్లు కదిలే వేళకి ఆవిడ రోడ్డు మీదే ఉంటారు.

ఆ లెక్క బోర్డు మీద చూశాక స్టేడియం గురించి పోట్లాడిన కుర్రాడే దాన్ని చిన్నది చేసి, బల్లలకీ చెట్లకీ స్థలం వదిలాడు. రోడ్డు మధ్య వరుసని తీసేసి, ఆగి ఊపిరి తీసుకోవడానికి తిన్నె కట్టారు. ఇప్పుడు ఒక్కో వైపు 24 అడుగులే, పది సెకన్ల నడక. నమూనాలో కదిలే భాగం కూడా అదే: మనిషి దాటేదాకా లేవని గేటు, చిన్న మోటారుతో. అమ్మమ్మగారు శనివారాలు వచ్చి పాత చీర ముక్కలతో పార్కుకి పందిరి వేసి ఇచ్చారు.

ఒక తండ్రి ముచ్చటపడి ప్రింటర్ మీద అందమైన గోపురం చేయించి తెచ్చారు. పిల్లలు థాంక్స్ చెప్పి, "ఇది మేం చేసింది కాదు అంకుల్" అని తిరిగి ఇచ్చేశారు. పెద్దలం మనం చెయ్యవలసిన పని ప్రశ్న అడగడం, కత్తెర జాగ్రత్త అని చెప్పడం. అంతవరకే. వంకరగా అతికించిన గోడని మనం సరిచేస్తే గోడ నిలబడుతుంది గాని, ఎందుకు వంగిందో వాళ్ళకి తెలియకుండా పోతుంది.

మా జట్టు ప్రాంతీయ పోటీ దాటలేదు. కానీ రోడ్డు దాటలేని మనిషి ఒకరు తమ ఇంట్లోనే ఉన్నారని ఆ ఏడుగురికీ తెలిసింది. నగరం కట్టడమంటే నా భవనం ఎంత ఎత్తు అన్నది కాదు, ఎవరికి చోటు లేకుండా పోయిందో చూసుకోవడం అని పన్నెండేళ్ళకే అర్థమయింది.

మీకు రెండు విన్నపాలు. ఈ హాల్లో ఇంజనీర్లకి కొదవ లేదు. మీ ఊరి బడికి వెళ్ళి, వారానికి రెండు గంటలు మెంటరుగా ఉంటానని చెప్పండి. రెండేళ్ళకి మళ్ళీ కలిసినప్పుడు పిల్లలకి ఒక గది, నిండా అట్టపెట్టెలు, జిగురు ఇద్దాం. ఆ గదిలో ముందు వరుస కుర్చీలు మాత్రం అమ్మమ్మలకీ తాతయ్యలకీ వేయించండి. పిల్లలు అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.