ఆ అమ్మాయి నర్సు కాదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. నడవండి, ఉప్పు తగ్గించండి అని మీకు వాట్సాప్‌లో రోజూ వస్తూనే ఉంది. అది వదిలేసి, పెద్దవాళ్ల కోసం ఇంట్లో పెట్టుకునే అటెండెంట్ల గురించి మాట్లాడతాను. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసిన నేను, ఈ విషయంలో ఒక తప్పు చేశాను.

మా అమ్మకి ఎనభై నాలుగేళ్లు. రాత్రి భోజనానికి ముందు పది యూనిట్ల ఇన్సులిన్. పక్క వీధిలో ఉండే రిటైరైన ఏఎన్ఎం గారు వచ్చి పెన్నుతో ఇచ్చేవారు. ఒకరోజు ఆవిడ ఊళ్లో లేరు. నేను హైదరాబాదులో పెళ్లిలో ఉన్నాను. అటెండెంటు అమ్మాయి ఫోన్ చేసింది. "నువ్వు ఇచ్చెయ్యమ్మా" అన్నాను. "మాకు ఇంజక్షన్లు చెయ్యొద్దని చెప్పారు మేడమ్, పైగా పెన్ను నొక్కుడు పడటం లేదు" అంది. సన్నాయి మోతలో సగం విని, "బీరువాలో పాత సిరంజీలు ఉన్నాయి, పెన్నులోంచి పది గీతల దాకా లాగి ఇచ్చెయ్, ఏం కాదు" అన్నాను.

మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్‌లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. ఎర్ర మూత సిరంజి గీతలు దానికోసమే. పెన్నులో వేసే మందు సాధారణంగా మిల్లీలీటరుకు 100. అంటే ఆ పది గీతల్లో వెళ్లింది 25 యూనిట్లు. ఈ లెక్క నేను ఎందరో విద్యార్థినులకు బోర్డు మీద వేసి చెప్పాను. అమ్మ ఆ రాత్రి అన్నం సగమే తింది. పదకొండింటికి చెమటలు, పిలిస్తే పలకదు. మిషన్‌లో చూస్తే షుగర్ 38. నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయమన్నాను. అమ్మ బతికింది. మర్నాడు ఏజెన్సీ వాళ్లు ఆ పిల్లని పనిలోంచి తీసేశారు. తప్పు నాదని వాళ్లతో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అదే నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వదు.

యూనిఫాం వేసుకుంది కదా అని మనం "సిస్టర్" అంటాం. ఏఎన్ఎం కావడానికి రెండేళ్లు, జీఎన్ఎంకి మూడేళ్లు, బీఎస్సీ నర్సింగుకి నాలుగేళ్లు చదవాలి. ఆపైన కౌన్సిల్లో రిజిస్ట్రేషన్. మన ఇళ్లకొచ్చే చాలామంది పిల్లలకు దొరికేది కొద్ది వారాల శిక్షణ. స్నానం చేయించడం, తినిపించడం, పుండ్లు పడకుండా పక్కకి తిప్పడం, నడిపించడం, బీపీ చూసి రాయడం వాళ్ల పని. అదేం చిన్న పని కాదు. మాత్రల డబ్బా నర్సుగానీ ఇంట్లోవాళ్లుగానీ సర్ది పెడితే, వేళకి గుర్తుచేసి, మంచినీళ్లిచ్చి, పుస్తకంలో టిక్కు పెడుతుంది. మోతాదు మార్చడం, సెలైన్ ఎక్కించడం, ముక్కు గొట్టం వేయడం, మూత్రం గొట్టం మార్చడం ఆమె చేత చేయించకూడదు. గొట్టంలో పోయడానికి మాత్రలన్నీ నూరమని కూడా చెప్పకండి. నెమ్మదిగా కరగాల్సినవి నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది.

అమెరికాలో పిల్లలున్న స్నేహితులు అక్కడ ఇలా ఉండదంటారు. కొంత నిజమే. మెడికేర్ కింద పనిచేసే సంస్థల్లో ఎయిడ్‌కి కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. నర్సింగు సేవలు కూడా అందుతున్న ఇంటికైతే 14 రోజులకోసారి పైవాళ్లు పని చూసుకోవాలి. మందుల విషయంలో ఎంతవరకు చేయవచ్చన్నది అక్కడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మన ఇళ్లలో ఆ పిల్లకి పైన చూసే మనిషే లేదు. అబ్బాయి డాలస్ నుంచి వీడియో కాల్లో "కొంచెం డోసు పెంచు" అంటే, పాపం, కాదనలేదు. కాదంటే ఉద్యోగం ఉండదని భయం.

అందుకే ఒక మాట అడుగుతున్నాను. మన బ్యాచ్‌లలో రిటైరైన నర్సులు నాకు తెలిసే ఐదుగురున్నారు. మనకు పాఠాలు చెప్పిన మాస్టార్లు, టీచరమ్మలు ఎంతమంది ఒంటరిగా అటెండెంట్లతో ఉంటున్నారో మీకు తెలుసు. వారానికోసారి వెళ్లి మాత్రల డబ్బా సర్ది, ఆ పిల్ల ఏం చేయొచ్చో ఏం చేయకూడదో కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకి ఇద్దాం. ఇంజక్షన్ ఉన్న ఇళ్లకి వంతులు వేసుకుందాం. భోజనాల దగ్గర బల్ల మీద నోటుబుక్కు పెట్టాను. మొదటి పేరు నాదే రాశాను. శివాలయం వీధి నేను చూసుకుంటాను.