లేనిదీ రాయండి

ఇవాళ బీడీఎస్ పట్టా అందుకుంటున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

పన్ను తీయడం, రూట్ కెనాల్ చేయడం మీ గురువులు నేర్పారు. నేను కేస్‌షీట్ గురించే మాట్లాడతాను. ఓపీ రద్దీగా ఉన్న రోజు అన్నిటికంటే ముందు చిక్కిపోయేది అదే.

రోగి ఎడమ దవడ పట్టుకుని వస్తాడు. 36వ నంబరు పంటిలో లోతైన పుచ్చు. షీటులో ఆ ఒక్క గడి నిండుతుంది, మిగతా పళ్ల గడులన్నీ ఖాళీ. ఏడాది తర్వాత మరో డాక్టరు ఆ షీటు తీస్తే ఏమనుకోవాలి? అన్నీ బాగున్నాయనా, ఎవరూ చూడలేదనా? చిగుళ్లకు ప్రోబ్ పెడితే పంటికి ఆరు చోట్ల వచ్చిన అంకెలు రాయండి. బుగ్గలు, నాలుక, అంగిలి చూశాక ఏమీ కనపడకపోతే ‘చూశాను, మచ్చలు లేవు’ అని రాయండి. చూడకపోతే చూడలేదనే రాయండి.

లేనిదీ రాస్తే ఏం తేలుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. 1960ల్లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి డాక్టర్ ఫాలీ మెహతా బృందం, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి ఐదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి 50,915 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించింది. ఆ జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. అక్కడ చాలామంది ఆడవాళ్లు చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. సెగంతా అంగిలికే. అంగిట్లో మచ్చలకూ ఈ అలవాటుకూ ఉన్న లంకె లెక్కలతో బయటపడింది. జబ్బున్నవాళ్లను మాత్రమే రాసుకుని ఉంటే ఎంతమందిలో ఎంతమందికో తెలిసేదే కాదు. మచ్చ లేనివాళ్లనూ, అలవాటు లేనివాళ్లనూ లెక్కలోకి తీసుకున్నారు కాబట్టే తేలింది.

ఉన్నది రాసేటప్పుడు కొలిచి రాయండి. ‘బుగ్గ లోపల తెల్లమచ్చ’ అని వదిలేస్తే అది పెరిగిందో తగ్గిందో ఆర్నెల్ల తర్వాత ఎవరు చెప్పగలరు? ‘కుడి బుగ్గ లోపల, మూతిమూలకు దగ్గరగా, 8 మిల్లీమీటర్ల పొడవు, 5 వెడల్పు, గీకితే పోలేదు’ అనండి. గుట్కా నమిలే కుర్రాడి నోరు ఎంత తెరుచుకుంటోందో స్కేలు పెట్టి చూడండి. ఈసారి 38 మిల్లీమీటర్లు, వచ్చేసారి 31 అయితే ఆ రెండు అంకెలూ అతనికి చూపించండి. మీ ఉపన్యాసం కంటే గట్టిగా పనిచేస్తాయి.

పంటి నంబరు ఏ పద్ధతిలో వేశారో షీటు మీద ఉండాలి. మన 14 పై వరుసలో కుడివైపు ప్రీమోలార్. అమెరికా డాక్టరుకు 14 అంటే ఎడమవైపు మోలార్. ఇక్కడ వైద్యం మొదలుపెట్టి డల్లాస్‌లో కొడుకు ఇంటికి వెళ్లే తల్లి పన్ను ఆ తేడాకు బలి కాకూడదు.

రాసినదాన్ని కాపాడటమూ మీ బాధ్యతే. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. అది అటుంచి, చుట్ట తాగుతానని రోగి చెప్పింది మీకు. వరండాలో కూర్చున్నవాళ్లకు కాదు, వాట్సాప్ గ్రూపుకూ కాదు.

రోగి కుర్చీ దిగకముందే రాయండి. సాయంత్రం కూర్చుని గుర్తుచేసుకుంటే ఒకరి పన్ను మరొకరి షీటులోకి ఎక్కుతుంది. నోరంతా చూసి రాయడానికి పట్టే ఆ కాసేపటికి ఎవరూ వేరే ఫీజు ఇవ్వరు. అయినా రాయండి. అడక్కుండానే చేసే ఆ పనితోనే మీకు మంచి డాక్టరని పేరు రావాలని కోరుకుంటున్నాను.